పెన్న ఒడ్డున డేరా, పక్కనే పాత బంగారు గని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉండేది అనంతపురంలో. చలికాలం వస్తే రామగిరి, జొన్నగిరి, గండికోట వైపు మూడు నాలుగు సార్లయినా వెళ్లి ఆరుబయట పడుకుని రావడం పదేళ్లుగా అలవాటు. వెళ్లొచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. కొన్ని జవాబుల్లో కాస్త విసుగు కనిపిస్తే, అవి మరీ ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలని అర్థం చేసుకోండి.

అసలు రాయలసీమలో బంగారు గనులు ఎక్కడున్నాయి?

కోలార్ పేరు తెలియనివాళ్లు ఉండరు. అదే తరహా పాత రాళ్ల పట్టీలు అనంతపురం, కర్నూలు నేలల్లోనూ ఉన్నాయన్న సంగతి మాత్రం పక్క మండలం వాళ్లకు కూడా సరిగా తెలియదు. చూడదగినవి రెండు చోట్లు.

మొదటిది రామగిరి. పాత లెక్కలో అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. రెండోది జొన్నగిరి, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. రెండుచోట్లా బంగారం ఒకే తీరున ఉంటుంది. 250 కోట్ల ఏళ్లు దాటిన నల్లచాయ రాళ్లలో పలుగురాయి చారలు, ఆ పలుగురాయిలో కంటికి కనపడనంత సన్నటి బంగారం. టన్ను రాయి పిండి చేస్తే కొన్ని గ్రాములు.

రామగిరిలో ఎవరు ఎప్పుడు తవ్వారో చెప్పలేనంత పాత గుంతలు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంగ్లీషు కంపెనీలు ఆ గుంతల జాడ పట్టుకునే తమ బావులు దింపాయి, 1920ల చివరికల్లా మూట కట్టుకుని వెళ్లిపోయాయి. తర్వాత కోలార్ గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ ఇక్కడా తవ్వింది. 2001లో ఆ సంస్థ మూతపడింది, దానితో రామగిరి సందడి కూడా అణగిపోయింది. జొన్నగిరి కథ వేరు. అక్కడ ప్రైవేటు సంస్థకు 2013లో లీజు ఇచ్చారు, అది పని జరిగే చోటు. అందుకే రామగిరికి వెళ్లేవాళ్లు పాతబడిన ఊరిని చూస్తారు, జొన్నగిరికి వెళ్లేవాళ్లు కంచెను చూస్తారు.

గనుల పక్కన ఏరు ఉందా? నీళ్లుంటాయా?

రామగిరికి ఉంది. జొన్నగిరికి లేదనే చెప్పాలి.

నందికొండల్లో పుట్టిన పెన్న హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి, రొద్దం మీదుగా రామగిరి మండలంలోకి దిగుతుంది. పేరూరు దగ్గర దానికి అడ్డంగా కట్టిన డ్యామే అప్పర్ పెన్నార్. చాలా ఏళ్లు అది డ్యామ్ అని గుర్తుపట్టడానికి కట్ట ఒక్కటే ఆధారం, లోపలంతా కంప చెట్లే. మంచి వానలు పడిన ఏడు నిండింది. వెళ్లేముందు ఊళ్లో ఎవరినైనా అడగండి, నీళ్లు ఉన్నాయో లేవో ఒక్క ముక్కలో చెబుతారు. జాతీయ రహదారికి తూర్పువైపు వెళితే చిత్రావతి తగులుతుంది.

జొన్నగిరి వైపు దగ్గరగా చెప్పుకోదగినది హంద్రీ. అది పుట్టేదే పక్కనున్న మద్దికెర చేలలో. పుట్టినచోట ఏ నది అయినా వంకలాగే ఉంటుంది కదా, ఇదీ అంతే. కర్నూలులో తుంగభద్రలో కలిసే హంద్రీని చూసి, అలాంటిదే జొన్నగిరిలో ఉంటుందని వచ్చిన ఒక కుటుంబాన్ని చూశాను. పాపం, పిల్లలకు ఈత దుస్తులు కూడా తెచ్చారు.

ఒక మాట ముందే చెబుతాను. సీమలో ఏరంటే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. గలగల పారే నీళ్లు కావాలంటే గోదావరి వైపు వెళ్లండి. వెన్నెల్లో అర మైలు వెడల్పున తెల్లగా పరుచుకున్న ఇసుక, అవతలి ఒడ్డున గొర్రెల మంద గంటలు, పైన చుక్కలు, ఇవి చాలుననుకుంటే ఇక్కడికి రండి.

మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

గండికోటకు. బంగారంతో దానికి సంబంధం లేదు, కానీ పెన్న ఉంది, టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, మరుగుదొడ్డి ఉంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న నిలువుగా కోసిన గండి అంచున కూర్చుని సూర్యోదయం చూడవచ్చు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకే వచ్చాడు. రాళ్లూ రత్నాల వ్యవహారం ఈ దారుల్లో అప్పటికే బాగా నలిగిన సంగతి.

కోట లోపల, మాధవరాయ ఆలయం పక్కన, మసీదు ముందు డేరా వేస్తామంటే మాత్రం కుదరదు. అది పురావస్తు శాఖ చూసుకునే చోటు. బయట అనుమతి ఉన్న స్థలాల్లోనే. గండి అంచుకు పిట్టగోడ లేదు, గాలి వీచినప్పుడు సన్న ఇసుక కాలికింద జారుతుంది. రాత్రి అంచుకు పది అడుగుల దూరంలో టెంటు వేసి, నిద్రమత్తులో మూత్రానికి లేచినవాడి గురించి ఆలోచించండి చాలు.

గండికోటలో రెండుసార్లు పడుకున్నాక రామగిరి వైపు రండి. అక్కడ అద్దె టెంట్లు ఉండవు, తెచ్చుకున్నదే ఉంటుంది.

ఇసుక మెత్తగా ఉంది కదా, ఏట్లోనే టెంటు వేసుకోవచ్చా?

వద్దు. ఎండాకాలమైనా వద్దు. ఆకాశంలో మబ్బు లేకపోయినా వద్దు.

ఈ ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు ఎందుకంటే, నేనూ ఒకసారి వేశాను. అక్టోబరు చివర, చిత్రావతి ఇసుకలో, ముగ్గురం. పొద్దుగూకే వేళ గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏట్లో పండుకుంటారా నాయనా?" అన్నాడు. నవ్వాము. ఆయన నవ్వలేదు. పైన కొండల్లో నల్లగా ఉందని వేలు చూపించి, మేము మూటలు సర్దేదాకా అక్కడే నిలబడ్డాడు. తెల్లవారి లేచి చూస్తే మేము పొయ్యి పెట్టిన రాళ్లు లేవు, చీలమండల లోతున ఎర్రనీళ్లు జారుతున్నాయి. మా మీద ఒక్క చుక్క వాన పడలేదు.

అక్కడే ఉంది కిటుకు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడూ కర్ణాటక కొండల్లో పుడతాయి. వాన అక్కడ పడుతుంది, నీళ్లు ఇక్కడికి వస్తాయి. మధ్యలో చెరువు ఏదైనా తెగితే చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 19న రామగిరికి దగ్గరలోనే, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో పదిమంది ఒక జేసీబీ ఎక్కి చిక్కుకుపోయారు. వైమానిక దళం హెలికాప్టరు వచ్చి వాళ్లను పైకి లాగింది. అదే రోజు కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు ఒడ్డున ఉన్న పల్లెలు ఇసుకలో కూరుకుపోయాయి. అంతకు ముందు 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్నే ముంచాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే నదులే ఇవన్నీ.

కాబట్టి ఒడ్డు అంటే ఒడ్డే. ఒడ్డున పాత మర్రి, చింత, వేప ఉంటే వాటి మొదలు కంటే ఎత్తున వేసుకోండి. కొమ్మల్లో ఎండిన గడ్డి, ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని కనిపిస్తే కిందటి వరద అంతదాకా వచ్చిందని అర్థం, ఇంకా పైకి జరగండి. డ్యామ్ దిగువన అయితే గేట్లు ఎప్పుడు ఎత్తుతారో అక్కడి సిబ్బందిని అడగండి.

అనుమతి ఎవరిని అడగాలి?

ఒడ్డున ఉన్న చేను ఎవరిదో కనుక్కుని, ఆ రైతును. అన్నిటికంటే ముఖ్యమైన అనుమతి అదే. "ఒక రాత్రి ఉండి పోతామన్నా, చెత్త వదలము" అంటే కాదనేవాళ్లను నేను చూడలేదు. అడగకుండా దిగితే మాత్రం పొద్దున్నే చుట్టూ పదిమంది ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఇసుక దొంగరవాణా నడిచే చోట్ల రాత్రిపూట ఏటి దగ్గర వెలుగు కనిపిస్తే ఊరు అనుమానిస్తుంది. మండలం పోలీసు స్టేషనుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

అడవి అయితే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. కడప వైపు పెన్న ఒడ్డున సిద్ధవటం కోట ఎంతో అందంగా ఉంటుంది. పగలు చూసి రండి, రాత్రి ఉండవద్దు. ఒకవైపు లంకమల అభయారణ్యం, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఆ పొదల నేలలోనే. ఇంకోవైపు ఎర్రచందనం. రాత్రి పన్నెండుకు టార్చిలైటుతో అడవి అంచున తిరిగే నలుగురు కొత్త మనుషులను చూసి ఎవరూ ప్రకృతి ప్రేమికులు అనుకోరు.

ఏ నెలలు మంచివి?

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా. డిసెంబరులో ఏటి ఒడ్డున చలి బాగానే కొరుకుతుంది, దుప్పటి తెచ్చుకోండి. మార్చిలో పగలు భరించలేము. ఏప్రిల్, మే నెలల గురించి అడగనే వద్దు. అనంతపురం దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, ఆ పడే కొద్దిపాటి వాన కూడా మిగతా నెలల కంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువగా కురుస్తుంది. అందుకే ఆ రెండు నెలలు ఏటి వైపు పోను.

తాగే నీళ్లు?

వెంట తెచ్చుకోండి. మనిషికి రోజుకు ఐదు లీటర్లు లెక్క వేసుకోండి.

"పాతకాలంలో ఏట్లో చెలమ, అంటే ఇసుకలో నీటి గుంత, తీసి తాగేవారు కదా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. నిజమే, మా అమ్మమ్మ కూడా చెలమ నీళ్ల తీపి గురించి చెప్పేది. అప్పుడు ఏటికి ఎగువన పట్నాల మురుగు లేదు. పైగా, రామగిరి లాంటి చోట గని దిబ్బల మీదుగా పారిన వాన నీళ్లు ఎటు ఇంకాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. చెలమ తీసి ముఖం కడుక్కోండి, తాగవద్దు.

ఈ దారిలో డేరాలు వేసుకుని తిరిగినవాళ్లలో పేరున్నవాడు థామస్ మన్రో. 1800లో దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చి, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. సీమను ఆఖరిసారి చూసిపోదామని 1827లో పరివారంతో బయలుదేరితే, గుత్తి దగ్గర డేరాల్లో కలరా పుట్టింది. జూలై 6న పత్తికొండలో ఆయన చనిపోయాడు. గవర్నరు డేరాకే దిక్కు లేకపోయింది, మనమెంత. పత్తికొండ మీదుగా జొన్నగిరి వెళ్లేటప్పుడల్లా నా చేయి నీళ్ల డబ్బా మూత సరిగా ఉందో లేదో తడుముకుంటుంది.

ఏటి ఇసుకలో బంగారం దొరుకుతుందా? మెరుస్తోంది!

మెరిసేది కాకి బంగారం. అంటే అభ్రకం రేకులు. పెన్న ఇసుక దోసిట పట్టి ఎండలో తిప్పితే వందల రేకులు తళుక్కుమంటాయి. పిల్లలకు చూపించడానికి బాగుంటుంది.

పలుగురాయిలో పసుపు పచ్చగా పలకలుగా కనిపించేది కూడా చాలాసార్లు బంగారం కాదు, గంధకం కలిసిన ఇనుప ఖనిజం, పైరైట్. తేడా తెలుసుకోవడం తేలిక. సుత్తితో మెల్లగా కొడితే పైరైట్ పొడి అవుతుంది, బంగారం రేకులా సాగుతుంది. గరుకు పింగాణీ మీద గీస్తే పైరైట్ నల్లటి గీత, బంగారం పసుపు గీత. మన కంసాలుల గీటురాయి పనిచేసేదీ ఈ లెక్కనే.

ఇక బియ్యం గాలించినట్టు పళ్లెంతో ఇసుక గాలించి చూస్తామంటారా? సరదాకు ఒక పళ్లెం గాలిస్తే ఎవరూ ఏమీ అనరేమో గాని, గునపాలూ జల్లెడలూ తెచ్చి తవ్వడం మొదలుపెడితే అది ఖనిజాల కోసం తవ్వకం కిందికే వస్తుంది. 1957 నాటి గనుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజం వెతకడమూ తవ్వడమూ నేరం.

పాత గని బావుల్లోకి దిగి చూడవచ్చా?

లేదు. ఫొటో కోసం కూడా లేదు.

పాత బావులు కొన్ని చోట్ల పొదల చాటున నోరు తెరుచుకుని ఉంటాయి. అంచున మట్టి పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద డొల్ల. లోపల గాలి కదలదు. ప్రాణవాయువు తగ్గిన గాలికి వాసన ఉండదు కాబట్టి దిగినవాడికి తెలిసే లోపే కాళ్లు పనిచేయవు. వాడిని తీయడానికి దిగిన రెండోవాడికీ అదే గతి. పూడిక తీయడానికి పాత బావుల్లో దిగినవాళ్ల వార్తలు మన జిల్లా పేజీల్లో చూస్తూనే ఉంటాం, ఇది అంతకంటే లోతు.

వేసవిలో మేకలు తోలుకొచ్చే పిల్లలకు ఏ గుంత ఎక్కడుందో చేతిరేఖల్లా తెలుసు. వాళ్లలో ఒకరిని వెంట తీసుకుని, కూలి ఇచ్చి, పగటిపూట దూరం నుంచి చూడండి. చీకటి పడ్డాక గని వైపు నడక వద్దు.

ఆ తెల్లటి పొడి దిబ్బల మీద టెంటు వేస్తే? చదునుగా ఉంది.

దిబ్బలు చూస్తే చాలామందికి ఈ ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. రాయిని పిండిగా కొట్టి, బంగారం తీసుకుని, మిగిలిన పిండిని పోసిన కుప్పలవి. 1887లో స్కాట్లాండ్‌లో రాతి పిండిలోని బంగారాన్ని సైనైడ్ నీళ్లలో కరిగించి తీసే పద్ధతి కనిపెట్టాక ప్రపంచంలో బంగారు గనులు ఎక్కువగా దాన్నే వాడాయి. సైనైడ్ ఎండకు, గాలికి కాలక్రమంలో విరిగిపోతుంది. కానీ రాయిలో పుట్టుకతోనే ఉండే ఆర్సెనిక్, సీసం లాంటివి ఎక్కడికీ పోవు, ఆ పిండిలోనే ఉంటాయి. రాత్రి గాలికి అది టెంటులోకి, అన్నంలోకి, పిల్లల ముక్కుల్లోకి చేరుతుంది. దిబ్బలకు గాలి వీచే దిశలో కూడా పడక వద్దు. ఆ పిండిని ఇంటికి తెచ్చి మొక్కల కుండీల్లో వేసుకున్న మిత్రుడు ఒకడున్నాడు. మొక్కలు బతకలేదు.

జొన్నగిరిలో వజ్రాలు దొరుకుతాయంటారు, నిజమేనా?

నిజమే, అదే ఆ ఊరి అసలు జాతర. మృగశిర కార్తె వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి చేలల్లో మనుషులు నేలను చూసుకుంటూ నడవడం మొదలుపెడతారు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో, కర్ణాటక, తెలంగాణల నుంచి కూడా వస్తారు. గుడి అరుగుల మీద, చెట్ల కింద, బడి వరండాల్లో పడుకుంటారు. అసలైన క్యాంపింగ్ వాళ్లదే. ఒక గోనెసంచి, ఒక సత్తు గిన్నె, వారం రోజుల ఓపిక, అంతకు మించి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. నేను మూడు వేలు పెట్టి కొన్న టెంటును చూసి ఒకావిడ "దీంట్లో గాలి ఎట్ల ఆడుతుంది నాయనా?" అని జాలిపడింది.

ఎందుకు దొరుకుతాయంటే, భూగర్భం లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైట్ అనే రాతి గొట్టాలు ఈ ప్రాంతంలో, ముఖ్యంగా వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్నాయి. వాన మట్టిని కడిగితే రాయి బయటపడుతుంది.

వెళ్లవచ్చా అంటే, వెళ్లవచ్చు, విత్తిన చేను తొక్కవద్దు. వజ్రాల వాన, వేరుశనగ విత్తే వాన రెండూ ఒకటే. అప్పు చేసి విత్తనం వేసిన రైతుకు మీ అదృష్టంతో పని లేదు.

జొన్నగిరే అశోకుడి సువర్ణగిరి అంటారు కదా?

కొందరు చరిత్రకారులు అంటారు. బ్రహ్మగిరి శాసనంలో సువర్ణగిరి నుంచి రాజకుమారుడు, మహామాత్రులు పంపిన ఆజ్ఞ అని ఉంది. అది జొన్నగిరి అని ఒక వాదం, కర్ణాటకలో మస్కి వైపు అని ఇంకో వాదం. మా ఊరి వైపు ఉండాలని నాకూ ఉంటుంది, కానీ తగవు తీరలేదు.

తగవు లేనిది ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండ దారిలో పదమూడు కిలోమీటర్లు. 1928లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడిన ఈ బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు రెండూ ఉన్నాయి. ఒకచోట కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు, ఎద్దులు సాలు చివర తిరిగి వెనక్కి దున్నుకొచ్చినట్టు. బంగారం చూడలేకపోయినా ఇది చూసి రండి. మధ్యాహ్నం రెండు తర్వాత వెళితే ఏటవాలు ఎండలో అక్షరాలు లేచి కనిపిస్తాయి. అక్కడ పొయ్యి, పడక, బండల మీద పేర్లు చెక్కడం కుదరవు. ఈ మూడో మాట రాయవలసి రావడమే సిగ్గుచేటు.

పాములు, తేళ్లు ఉంటాయా?

ఉంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్న నేల ఇది. టెంటు జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి, బూట్లు తొడిగేముందు దులపండి, కట్టెలు చేత్తో లాగకుండా కర్రతో కదిలించి తీయండి. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. అందుకే "ఆరుబయట చాప చాలు" అనేవాళ్ల మాట వినవద్దు.

కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు కోసం ఊరు తిరగవద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి. బయలుదేరేముందే ఆ ఆసుపత్రి ఎక్కడో తెలుసుకుని ఉండండి.

ఎలుగుబంట్లు?

గుట్టల్లో ఉన్నాయి, చిరుతలు కూడా. సీతాఫలం, రేగుపళ్ల కాలంలో గుట్ట మొదట్లో పడక వద్దు. మిగిలిన అన్నం టెంటు దగ్గర పారేయవద్దు.

టెంటు మేకులు ఇసుకలో నిలవడం లేదు, ఏం చేయాలి?

మేకు బదులు సంచి. చిన్న గుడ్డసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పూడ్చి పైన తొక్కండి. రామగిరి గాలికి కూడా కదలదు. గట్టు మట్టి అయితే మామూలు మేకులు చాలు. టెంటు పరిచేముందు నేలంతా చేత్తో కాదు, చీపురుతో ఊడవండి. కంప ముల్లు టెంటు అడుగును, పరుపును, మీ వీపును వరుసగా దాటుకుంటూ వస్తుంది. బండి టైర్లకూ అదే భయం, గాలి పంపు వెంట ఉండాలి.

వంట చేసుకోవచ్చా? ఏం తినాలి?

గాలి లేని రోజున, చుట్టూ ఎండు గడ్డి లేని చోట, మూడు రాళ్ల పొయ్యి. కట్టెలకు కంప చెట్టు చాలు, పచ్చి చెట్టు జోలికి పోవద్దు. మండుతున్న నిప్పును ఇసుకతో కప్పేసి వెళ్లిపోవద్దు, కింద గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది, పొద్దున్నే వట్టికాళ్లతో వచ్చే గొర్రెల కాపరి దాని మీద అడుగేస్తాడు. నీళ్లు పోసి ఆర్పండి.

నా మట్టుకు రాత్రికి జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి ఇంటి నుంచే తీసుకెళ్తాను. పొద్దున దగ్గరి ఊళ్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జి. అది మాత్రం హోటల్లో తినవలసిందే, టెంటు ముందు చేసిన ఉగ్గాణి ఎప్పుడూ ముద్దయింది. ఊళ్లో డబ్బులిచ్చి సంగటి, నాటుకోడి పులుసు చేయించుకోవచ్చు, ముందురోజే చెప్పాలి.

మందు తాగవచ్చా?

రైతు చేను గట్టు మీద, ఏటి పక్కన, చీకట్లో? వద్దు. సీసా పెంకు తొక్కిన ఎద్దు నెల రోజులు కుంటుతుంది.

ఆడవాళ్లు, పిల్లలు రావచ్చా?

మా ఇంట్లో అందరూ వస్తారు. అసలు ఇబ్బంది మరుగుదొడ్డి. రామగిరి, పేరూరు వైపు ఏటి ఒడ్డున ఏర్పాటేమీ ఉండదు. ఊరికి దగ్గరగా, ముందే మాట్లాడుకున్న ఇంటి తోటలో వేసుకుంటే ఆ చిక్కు తీరుతుంది, ఆడవాళ్లు కూడా నిశ్చింతగా నిద్రపోతారు. ఫోను సిగ్నల్ ఒడ్డున వస్తుంది, ఏటి లోతున, గుట్ట వెనక పోతుంది. వెళ్లే చోటు ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి.

ఎలా చేరుకోవాలి?

రామగిరికి హైదరాబాదు, బెంగళూరు జాతీయ రహదారి 44 మీద చెన్నేకొత్తపల్లి దాకా వచ్చి పడమటికి తిరగాలి. ధర్మవరం నుంచి కూడా రావచ్చు. జొన్నగిరికి రైల్లో అయితే గుంతకల్లు, డోన్ మధ్య తుగ్గలి స్టేషను. ఎర్రగుడికి గుత్తిలో దిగడం మేలు. గండికోటకు జమ్మలమడుగు లేదా ముద్దనూరు స్టేషను. బస్సులున్నాయి, కానీ సాయంత్రం చివరి బస్సు ఎప్పుడో దిగినప్పుడే అడిగి పెట్టుకోండి. సామానుతో వెళ్లేవాళ్లకు సొంత బండి తేలిక.

రామగిరిలో రాత్రంతా ఏదో హోరు వినిపించింది, గనిలో పని జరుగుతోందా?

లేదు. గుట్టల మీద గాలిమరలున్నాయి, చూసే ఉంటారు. రాష్ట్రంలో గాలి కరెంటు తొలి రోజుల్లోనే, 1990లలో ఇక్కడ వాటిని నిలబెట్టారు. రాత్రి గాలి పెరిగితే రెక్కల హోరు లోయలోకి దిగుతుంది. రెండో రాత్రికి అలవాటైపోతుంది. మొదటి రాత్రి మాత్రం పిల్లలు ఎవరో రాయి పిండి కొడుతున్నారు అంటారు, చెప్పి నమ్మించేసరికి తెల్లవారుతుంది.